ఇక్బాల్ బీ మలారం

ఇక్బాల్ బీకి ఊరు చేజారిపోయింది 1997 కార్తీకంలో ఒక సోమవారం పొద్దున, జొన్నరొట్టె ఇంకా పెనం మీద ఉండగానే.

వాకిట్లో జీపు ఆగిన చప్పుడు విని ఆమె బయటికి వచ్చింది. జీపు వెనకే ట్రాక్టరు, దాని తొట్టి నిండా పిల్లలు. మహబూబ్‌నగర్ కాలేజీ వాళ్లు. బడిలో మకాం పెట్టి ఊళ్లో మురుగు మోరీలు తీస్తారని నిన్న డప్పు చాటింపులో విన్నది. కానీ మోరీ తీసే పిల్లలకు ముక్కుల మీద గుడ్డలెందుకో, చేతులకు తెల్లటి రబ్బరు తొడుగులెందుకో ఆమెకు అర్థం కాలేదు. జీపులో నుంచి భిక్షం దిగేదాకా అర్థం కాలేదు.

భిక్షం కోస్గిలో ఉండే స్వచ్ఛంద సంస్థ మనిషి. ఏడాదిగా ఆమెకు మందుబిళ్లలు, పిండి పొట్లాలు ఇస్తున్నవాడు. అంగడి రోజున విత్తనాల దుకాణం వెనక కలిసేవారు. ఊరికి మాత్రం రావద్దని మొదటి రోజే ఆమె మాట తీసుకుంది. తన భర్త జాఫర్ దగ్గుతో పోయాడనే ఊరు అనుకుంటున్నది, అట్లాగే అనుకోనీ అన్నది. అతను తలూపాడు. ఇప్పుడు ఆమె వైపు చూడకుండా ట్రాక్టరులో నుంచి చీపుళ్లు దింపిస్తున్నాడు.

"ఏంది భిక్షం తమ్మి?" అంది ఆమె.

"కాలేజీ పిల్లలక్కా. ఇల్లు సాఫ్ చేస్తరు. మంచిదే కదా," అన్నాడు. గొంతు తగ్గించి, డబ్బులిచ్చే పెద్ద సంస్థ వాళ్లు ఫోటోలు అడిగారని, కాదనలేకపోయానని చెప్పాడు.

పిల్లలు లోపలికి వెళ్లారు. చాపలు, బొంతలు, మంచం, బియ్యం డబ్బా వరసగా ఎండలోకి వచ్చాయి. ఇద్దరు అమ్మాయిలు దిండును చెరొక మూల పట్టుకొని, మధ్యలో బరువు ఎక్కువున్నట్టు నడిచారు. ఒక పిల్లవాడు గోడకు వేలాడుతున్న మలారాన్ని చీపురు కర్రతో ఎత్తాడు. మలారమంటే గాజుల వరసలన్నీ తాళ్లకు గుచ్చి కట్టిన మూట. భుజాన వేసుకొని ఊరంతా తిరిగితే అడుగడుక్కూ మోగుతుంది. కర్ర కొసన అది అటూ ఇటూ ఊగింది. గడప దాటేటప్పుడు చౌకట్టుకు తగిలింది. ఆకుపచ్చ గాజులు కొన్ని పగిలి రాలాయి.

"చేత్తో పట్టుకుంటే ఏమైతది కొడుకా?" అంది మంచం మీద నుంచి దించి అరుగు మీద కూర్చోబెట్టిన అన్వరీ బేగం. ఆమె జాఫర్ తల్లి. చూపు సరిగా ఆనదు గానీ చప్పుడును బట్టి అన్నీ తెలుస్తాయి. "గాజులకు గూడ బీమారి ఉంటదా?"

ఆఖరున బ్లీచింగు పొడి బస్తా విప్పి ఇంటి చుట్టూ చల్లారు. గోడ పొడవునా, గడప ముందు, వెనక స్నానాల దడి దగ్గర తెల్లటి గీత పడింది. పక్కింటి సుక్కమ్మ ఇంటి ముందు చల్లలేదు. ఎదురింటి ముందూ చల్లలేదు.

"మా ఇంట్ల గత్తర పడ్డదా?" అని అడిగింది ముసలామె వాసన పట్టి. గత్తర, అంటే కలరా, వచ్చిన ఏడాది ఆ వాడలో ఏ ఇంటి చుట్టూ పొడి చల్లారో ఆమెకు గుర్తుంది. ఆ ఇండ్లలో ఎవరెవరు మిగిలారో కూడా గుర్తుంది.

చుట్టూ జనం పోగయ్యారు. పిల్లల్ని తీసుకొచ్చిన సైదులు సార్ అరుగెక్కి మాట్లాడాడు. మంచివాడిలాగే ఉన్నాడు. ఎయిడ్స్ ముట్టుకుంటే రాదని, కలిసి తింటే రాదని, ఈ ఇంటివాళ్లను మనం వెలివేయకూడదని చెప్పాడు. చేతులకున్న తొడుగులు తీయకుండానే చెప్పాడు. వెలివేయాలన్న ఆలోచన అప్పటిదాకా ఆ వాడలో ఎవరికీ లేదు. సుక్కమ్మ తన మనుమడిని పిలిచి ఇంట్లోకి పొమ్మంది. పెనం మీద రొట్టె మాడిన వాసన వచ్చింది. ఇక్బాల్ బీ లోపలికి వెళ్లి దాన్ని దించింది.

మర్నాడు ఆమె ఎప్పటిలాగే మలారం భుజాన వేసుకొని బయలుదేరింది.

గాజులు వేయడం చేతిని నమ్మించే పని. ఎదురుగా కూర్చోబెట్టుకొని, చేతిని ఒడిలోకి తీసుకొని, ముందు వేళ్లన్నీ దగ్గరికి చేర్చి మెల్లగా పిసకాలి. బొటనవేలి కింది ఎముక లోపలికి ముడుచుకునేదాకా పిసకాలి. ఆ సేపట్లో ఏదో ఒకటి మాట్లాడుతూ ఉండాలి. చేయి మెత్తబడినప్పుడు గాజు దానంతట అదే దిగినట్టు దిగుతుంది. ఆ ఊళ్లో ఆడవాళ్ల చేతులన్నీ ఆమెకు తెలుసు. కలుపు తీసి బండబారినవి, బీడీ ఆకు కత్తిరించి కోసుకుపోయినవి, బాలింత చేతులు, మొదటిసారి గాజు వేసుకుంటూ ఏడ్చే చంటి చేతులు. ఏ కులపు వాకిట్లోనైనా ఆమెకు ఒక పీట ఉండేది.

ఆ రోజు పీటలు బయటికి రాలేదు. ఒకామె మొన్ననే వేసుకున్నానంది. ఆమె ముంజేతులు బోసిగా ఉన్నాయి. ఇంకొకామె పండుగకు చూద్దామంది. మూడో ఇంట్లో మనిషి తలుపు వెనక ఉండి, ఇంట్లో ఎవరూ లేరని తానే చెప్పింది. వాళ్లెవరూ తిట్టలేదు. అది ఆమెకు ఇంకా కష్టంగా ఉంది. తిడితే జవాబు చెప్పవచ్చు.

ఆమె చివరికి గుర్వమ్మ ఇంటికి చేరింది. ఆ ఇంటికి వెళ్లాలనే బయలుదేరింది. శుక్రవారం గుర్వమ్మ మనుమరాలు స్వరూప పెళ్లి. గురువారం గాజులు. పెళ్లికూతురికీ, ఇంటి ఆడపడుచులకూ, చుట్టాలకూ ఒక పూటంతా కూర్చొని వేయాలి. గుర్వమ్మ కూతుళ్లకు ఇక్బాల్ బీ అత్త వేసింది, కోడలికి ఇక్బాల్ బీ వేసింది. పెళ్లింట్లో వేస్తే తక్కిన ఊరు దానంతట అదే వస్తుంది. వేయకపోతే ఇక రాదు. ఇది ఆమెకూ తెలుసు, గుర్వమ్మకూ తెలుసు.

గుర్వమ్మ పీట వేసింది. ఒక్క ఆమే వేసింది. కూర్చోమని, మంచినీళ్లు తెప్పించి, చాలాసేపు కందులు చెరుగుతూ ఉండిపోయింది.

"నాకేం భయం లేదే ఇక్బాల్ బీ," అంది చివరికి. "నేను సచ్చే ముసల్దాన్ని. అత్తగారోళ్లు ఉన్నరు సూడు, కొడంగల్ దిక్కు మనుషులు. రేపు వాళ్లకెవరన్న చెప్తె పిల్లను సూసే సూపు మారుతది."

"నేనేం చెయ్యాలె అమ్మా?"

గుర్వమ్మ చాటను ఒళ్లో నుంచి దించింది. "ఎవరన్న ముందుగాల నీతోని ఏసుకోవాలె. ఊరోళ్లు కాదు. గా కాలేజీ పోరిలు ఉన్నరు కదా, సదువుకున్న పిల్లలు. ఊరందరి ముంగట వాళ్లు ఏసుకున్నరనుకో, నాకు ఒక మాట దొరుకుతది. కాలేజీ పిల్లలే ఏసుకున్నరు, మీకేంది అని అంట."

ఇక్బాల్ బీ అక్కడి నుంచి నేరుగా బడికి వెళ్లింది.

పిల్లలు వరండాలో అన్నాలు తింటున్నారు. ఆమెను చూసి ఒకరిద్దరు పళ్లాలు కొంచెం దగ్గరికి లాక్కున్నారు. ఆమె మెట్ల కింద నిలబడి, తనకు కావలసిందేమిటో సైదులు సారుకు చెప్పింది. ఆయన ముఖం వెలిగిపోయింది. చాలా చక్కటి కార్యక్రమం అన్నాడు. ఇన్ని క్యాంపుల్లో ఇట్లాంటిది తనకు తోచనే లేదన్నాడు. అక్కడే ఉన్న భిక్షం, ఫోటోగ్రాఫరును మాట్లాడతానన్నాడు. అమ్మాయిలు మాత్రం తినడం ఆపారు.

వాళ్లలో శోభ అనే పిల్ల లేచి నిలబడింది. మిగతావాళ్లు ఆమెతో చెప్పించినట్టుంది. "సార్, గాజు పగిలితే? చెయ్యి కోసుకుంటే?"

సార్ ఆలోచించాడు. ఆ పిల్ల అడిగిన దాంట్లో తప్పేమీ లేదని ఇక్బాల్ బీకీ అనిపించింది. పగిలిన గాజు ఎన్నోసార్లు తన వేలినే కోసింది. జాగ్రత్తగా వేస్తానని చెప్పబోయింది. ఈలోగా సార్ దారి కనిపెట్టాడు. గాజువి వద్దు, ప్లాస్టిక్‌వి తెప్పిద్దాం అన్నాడు. ఇంకొక అమ్మాయి, కొంచెం పెద్ద సైజువి తెస్తే వాటంతట అవే ఎక్కుతాయి, చేయి పట్టుకోవలసిన పని కూడా ఉండదు కదా అంది. అందరూ తేలిగ్గా ఊపిరి పీల్చుకున్నారు. ఎవరు బజారుకు వెళ్లాలి, ఏ రంగు బాగుంటుంది అన్నదాకా మాట సాగింది. ఆమె అక్కడ నిలబడి ఉన్నట్టు ఎవరికీ గుర్తు లేదు.

ఆమె రెండడుగులు వెనక్కి వేసింది. వద్దు అని చెప్పి వెళ్లిపోవచ్చు. కానీ దూరం నుంచి చూసే ఊరికి ప్లాస్టిక్ ఏదో గాజు ఏదో తెలియదు. గుర్వమ్మకు ఒక మాట కావాలి. ఎట్లా దొరికితేనేం?

"సరే సార్," అంది.

ఇంటికి వచ్చి చెప్తే అన్వరీ బేగం చాలాసేపు నవ్వింది. "చెయ్యి ముట్టకుంట గాజులేస్తవా? మా అత్త బతికుంటె నిన్ను జూసి పని నేర్చుకునేది," అంది. తర్వాత నవ్వడం మాని, గురువారానికి ఆకుపచ్చవీ ఎర్రవీ వేరు చేసి పెట్టమంది.

బుధవారం సాయంత్రం బడి ముందు జంపఖానా పరిచారు. ఊరు బాగానే వచ్చింది. గుర్వమ్మ ముందు వరసలో కూర్చుంది, పక్కన కోడలు పెంటమ్మ, అంటే పెళ్లికూతురి తల్లి. వెనక సుక్కమ్మ. మైకులో భిక్షం పేర్లు చదివాడు. అమ్మాయిలు ఒక్కొక్కరే వచ్చి ఇక్బాల్ బీ ఎదురుగా కూర్చున్నారు.

చేతులు చాపారు. వేళ్లు బిగించి, కొసలు పైకి పెట్టి, మోచెయ్యి ఒంటికి ఆనించుకొని చాపారు. ఆమె గులాబీ రంగు ప్లాస్టిక్ గాజును పై నుంచి వదిలితే అది ముంజేతి మీదికి జారిపోయేది. ఒక పిల్ల కళ్లు మూసుకుంది. ఒక పిల్ల ఊపిరి బిగపట్టింది. శోభ వంతు వచ్చినప్పుడు ఆమె చేయి కొంచెం ముందుకు జరిగి, ఇక్బాల్ బీ వేళ్లకు తగిలి, వెంటనే వెనక్కి పోయింది. ప్రతిసారీ చప్పట్లు. ఫోటోగ్రాఫరు ఇద్దరినీ నవ్వమన్నాడు. ఇక్బాల్ బీ నవ్వింది. తన దవడలు తనవి కానట్టు అనిపించింది. ఇన్నేళ్లుగా చేసిన పనిని ఎవరో తన ముందే వెక్కిరించి చూపుతున్నట్టుంది, ఆ వెక్కిరించేది తన చేతులే.

అయినా అది పనిచేసింది. జనం లేస్తున్నప్పుడు గుర్వమ్మ ఆమె దగ్గరికి వచ్చింది. పెంటమ్మ కూడా వచ్చింది. "రేపు పొద్దుగాల రా," అంది గుర్వమ్మ అందరికీ వినపడేటట్టు. "ఉప్మా గిట్ల మా ఇంట్లనే తిందువు. నీ అత్తకు గూడ కట్టిస్త."

జంపఖానా మడిచేసరికి దాహమైంది. ఇక్బాల్ బీ నీళ్లు తాగుదామని బడి వెనక బోరింగు దగ్గరికి నడిచింది. మూల తిరగ్గానే ఆగిపోయింది.

అమ్మాయిలు బోరింగు సిమెంటు గద్దె చుట్టూ మూగి ఉన్నారు. ఒకతి బోరింగు కొడుతున్నది. ఇంకొకతి చేతిలో డెట్టాల్ సీసా ఉంది. బకెట్లో నీళ్లు పాలలాగా తెల్లగా ఉన్నాయి. వాళ్లు మోచేతుల దాకా ముంచి, సబ్బు పెట్టి, గోళ్ల సందుల్లో పుల్లతో గీకి, మళ్లీ ముంచుతున్నారు. గులాబీ గాజులన్నీ గద్దె మీద ఒక కుప్పగా ఉన్నాయి. ఒక అమ్మాయి వాటిని కాలితో పక్కకు జరిపింది. శోభ కూడా కడుక్కుంటున్నది.

బిందెలతో వచ్చిన ఆడవాళ్లు వరసలో నిలబడి చూస్తున్నారు. పెంటమ్మ వాళ్లలో ఉంది. సుక్కమ్మ వరసలో ముందుంది.

"ఎందుకు బిడ్డా గట్ల రుద్దుతున్నరు?" అని అడిగింది సుక్కమ్మ. ఎగతాళికి కాదు, నిజంగానే అడిగింది.

"ఊరికే, జాగ్రత్తకు," అంది సీసా పట్టుకున్న అమ్మాయి.

సుక్కమ్మ కొంచెంసేపు బకెట్టు వైపు చూసింది. తర్వాత బిందె నింపకుండానే చంకనెత్తుకొని వెనక్కి తిరిగింది. ఒకరి తర్వాత ఒకరు తిరిగారు. పెంటమ్మ ఇక్బాల్ బీని చూసింది, కొంగు సర్దుకుంది, పక్క దారిన పోయింది.

ఇక్బాల్ బీ నీళ్లు తాగలేదు.

దీపాలు పెట్టే వేళకు శోభ ఒక్కతే ఇంటికి వచ్చింది. తెల్లటి గీత ఇంకా చెరగలేదు. దాన్ని దాటి గడప దగ్గర నిలబడింది.

"ఎవరు?" అంది అన్వరీ బేగం.

"కాలేజీ అమ్మాయినమ్మా."

"ముక్కుకు గుడ్డ యాడ మర్సిపోయినవ్ బిడ్డా? గాలి తగుల్తది."

శోభ తల దించుకుంది. ఏడ్చి వచ్చినట్టు కళ్లు ఉబ్బి ఉన్నాయి. తన తల్లి కూడా చేతిపనితోనే బతుకుతున్నదని, వనపర్తిలో బట్టలు కుట్టి చదివిస్తున్నదని చెప్పింది. కడుక్కోవడం తప్పని తెలిసీ, అందరూ కడుగుతుంటే తానూ కడిగానంది. చెప్పడం అయిపోయాక చేయి చాపింది. "గాజువే వెయ్యండి ఆంటీ. బిగుతువి."

ఇక్బాల్ బీ ఆ చేతిని చూసింది. సన్నటి చేయి, పొడుగు వేళ్లు. వేళ్లు బిగించి లేవు. రెండు రోజులుగా ఇట్లాంటి చేయి కోసమే ఆమె గడపగడపా తిరిగింది. ఇప్పుడది ఎదురుగా ఉంటే పట్టుకోబుద్ధి కాలేదు. డెట్టాల్ వాసన ఇంకా వస్తున్నది.

"ఈడ కాదు బిడ్డా," అంది.

శోభకు అర్థం కాలేదు.

"ఈడ ఎవరు సూస్తరు? నీ మనసు తేలికైతది, నువ్వు పోతవు. నాకేమొస్తది? పొద్దుగాల బోరింగు కాడికి రా. ఆడోళ్లు నీళ్లకొస్తరు. వాళ్ల ముంగట కడుక్కున్నవు, వాళ్ల ముంగట ఏసుకో. తెలివి తక్కువకు కడుక్కున్నం అని ఒక్క మాట చెప్పు."

"సార్ ఒప్పుకోరేమో. మావాళ్లందరూ..."

"నీ చెయ్యి నాకెందుకమ్మా? నాకు గా మాట కావాలె."

శోభ చేయి వెనక్కి తీసుకుంది. వస్తానంది. రెండుసార్లు అంది. వెళ్లేటప్పుడు గీతను తొక్కకుండా కాలు ఎత్తి వేసింది.

గురువారం తెల్లవారగానే ఇక్బాల్ బీ మలారం భుజాన వేసుకొని బోరింగు దగ్గరికి వెళ్లింది. గద్దెకు కొంచెం ఎడంగా కూర్చుంది. ఆడవాళ్లు వచ్చి నీళ్లు పట్టుకొని పోతున్నారు. ఎవరూ పొమ్మనలేదు, ఎవరూ పలకరించలేదు. గులాబీ గాజులను చిన్నపిల్లలు ఎత్తుకుపోకుండా ఎవరో ముళ్లకంపలో పడేశారు. బడిలో సామాన్లు సర్దుతున్న చప్పుడు వినిపించింది. తర్వాత ట్రాక్టరు కదిలింది. పిల్లలు పాటలు పాడుతున్నారు. ట్రాక్టరు బోరింగు పక్క నుంచే పోయింది. శోభ తొట్టి అంచున కూర్చొని ఉంది. ఇటు చూసింది. పాట పాడటం లేదు. అంతే.

ఆమె ఇంకా అక్కడే కూర్చుని ఉండగా భిక్షం సైకిలు ఆపి దిగాడు. కార్యక్రమం బ్రహ్మాండంగా జరిగిందన్నాడు. ఫోటో పేపర్లో వస్తుందట. పక్క మండలంలో ఇంకో కాలేజీ వాళ్లు వస్తున్నారు, అక్కడ కూడా ఇట్లాగే చేద్దాం, జీపు పంపిస్తాను, మలారం తెచ్చుకో అక్కా అన్నాడు. ఆమె అతని ముఖంలోకి చూసింది. అతను నిజంగానే సంతోషంగా ఉన్నాడు. బోరింగు దగ్గర ఏం జరిగిందో చెప్పింది. అతను నాలుక కరచుకొని, చిన్న పిల్లలక్కా, మనసులో పెట్టుకోకు అన్నాడు. ఆమె పక్కకు తిరిగి ఉమ్మేసింది. ఎండకు నోరు చేదైందేమో అనుకున్నాడు అతను.

పొద్దెక్కాక గుర్వమ్మ తానే ఇంటికి వచ్చింది. వాకిట్లోనే నిలబడింది. పెంటమ్మ రాత్రంతా ఏడ్చిందని, కోస్గి నుంచి గాజులామెను పిలిపించామని చెప్పింది. దాచలేదు. గాజులు మాత్రం ఇక్బాల్ బీ దగ్గరివే తీసుకుంటానంది.

"ఏసేది ఆమె, ఇచ్చేది నువ్వు. గట్లనన్న కానీ," అంది.

"ఇయ్యకు," అంది లోపలి నుంచి అన్వరీ బేగం.

ఇక్బాల్ బీ మలారం విప్పింది. వేరు చేసి పెట్టిన ఆకుపచ్చవీ ఎర్రవీ తీసి, గుర్వమ్మ చాపిన గుడ్డలో పోసింది. ఇంట్లో జొన్నలు అడుగంటాయి. ఇవ్వకుండా ఉండే వీలు ఆమెకు లేదు.

గుర్వమ్మ మూట కట్టింది గానీ కదల్లేదు. భర్త పోయిన తన బోసి చేతులు చూసుకుంది. "నాకు గాజులేసుకునే రాత ఉంటె నేనే నీ ముంగట కూసుందునే," అంది.

"గాజులేసుకునుడు ఎందుకమ్మా?" అంది ఇక్బాల్ బీ. "నోరుంటె సాలు. నీ మాట ఊరు ఇంటది. బోరింగు కాడ నిలబడి, ఇక్బాల్ బీ ముట్టుకుంటె ఏం కాదు, గా పోరిలు తెలువక కడుక్కున్నరు అని చెప్పు. ఒక్క మాట."

గుర్వమ్మ మూటను ఈ చేతి నుంచి ఆ చేతికి మార్చుకుంది.

"చెప్త," అంది. "పెళ్లి కానీ. పిల్ల అత్తగారింటికి పోనీ. అప్పుడు చెప్త."

శుక్రవారం పెళ్లయింది. ఆదివారం స్వరూపను కొడంగల్ దిక్కు పంపించారు. చేతుల నిండా గాజులతో బండి ఎక్కిందని, బాగున్నాయని సుక్కమ్మ గోడ అవతల నుంచి ఎవరితోనో అంటుంటే ఇక్బాల్ బీ విన్నది.

అంగడి రోజు వచ్చి పోయింది. గుర్వమ్మ పొద్దునా సాయంత్రం నీళ్లకు బోరింగు దగ్గరికి వెళ్తూనే ఉంది. చెప్తానన్న మాట ఇంకా చెప్పలేదు.